వావి వరస

చిలకపాలెంలో బస్సు మారి
పొందూరు చేరేసరికి పదకొండు.
సంచిలో ట్యాబ్, కొలత టేపు,
మ్యూజియం వాళ్లు అంకెలేసి ఇచ్చిన
తెల్ల చీటీలు రెండొందలు.
నా పని చిన్నదే:
ప్రతి వస్తువుకీ ఒక పేరు, ఒక వర్గం, ఒక ఉపవర్గం
ఇచ్చి ముందుకు కదలడం.

ముప్పై ఏడో చీటీ దగ్గర ఆగిపోయాను.

దాలమ్మ అరచేతిలో
వాలుగ చేప దవడ.
పళ్ల సందుల్లో దూది ఇంకా ఇరుక్కునుంది
నిన్నటి మెతుకుల్లా.

వర్గం? అంది తెర. పక్కన ఎర్ర చుక్క,
నింపకపోతే అడుగు ముందుకు పడనివ్వదు.
జంతు అవశేషాలు అని నొక్కితే
పులిగోళ్లూ నత్తగుల్లలూ పక్కకొచ్చి నిలబడ్డాయి.
చేతి పనిముట్లు అంటే
పదార్థం చెప్పమంది: కర్ర, ఇనుము, రాయి, మట్టి.
ఎముక లేదా జాబితాలో.
చేనేత అంటే మగ్గంతోనే మొదలు.
మగ్గానికి ముందు ఇంత పనుంటుందని
ఆ జాబితా రాసినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.
అన్నిటికన్నా అడుగున, ఎప్పట్లాగే,
ఇతరములు.
పొద్దుట్నుంచీ ఎన్ని తోశానో అందులోకి!
ఏకులు దాచే అరటి దవ్వ,
గింజ తీసే చెక్క,
ఏం చేస్తావని అడిగితే
"ఉండనీ" అని మాత్రమే అన్న ఒక తాడు ముక్క.

లభించిన చోటు?
"గోదారి," అంది. "అక్కడ సేప. ఇక్కడికొచ్చి దువ్వెన."
రెండు చోట్లు పట్టవు ఆ గడిలో.
కాలం?
"సేపకా, పళ్లకా, నాకా?"

సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను.
"ఒక వస్తువు ఒక్క కొమ్మ మీదే కూర్చోవాలమ్మా.
రెండిటి మీద కూర్చుంటే రేపు వెతికేవాడికి దొరకదు."
ఆయన మాటా తప్పు కాదు.
నేను చదివి ఫస్టు క్లాసు తెచ్చుకున్నదీ ఆ మాటే.

దాలమ్మ చూరు కింద బుట్ట దించింది.
ఇంకా తొమ్మిది దవడలు.
నా కంటికి తొమ్మిదీ ఒకటే.

"ఇది ఆడబడుసు. కొత్తది గదా, పీకుతాది.
కొండపత్తి బిరుసుకి అదే సరిపోతాది.
ఇది తోడికోడలు. ఓ పూట మాటింటాది, ఓ పూట ఇనదు.
ఇది సూడు, పళ్లరిగిపోనాయి, మాయమ్మ.
ఎర్రపత్తి దీనికే ఇస్తాను, ఇంకెవుల్కీ ఇవ్వను."
మరి ఈ విరిగింది?
"మా ఆయన. పంజెయ్యడు. అలగని ఒగ్గీలేం."

ఈ లెక్క ఎవరు నేర్పారంటే
"లెక్కేటి? వరస గదా" అని
నా వైపు జాలిగా చూసింది,
అత్త ఎవరో పిన్ని ఎవరో తెలీని పిల్లని చూసినట్టు.

అప్పుడు కనిపించింది తెర అడుగున
ఎర్ర చుక్క లేని గడి ఒకటి:
దీనికి సంబంధించినవి.
ఆరు నెలల్లో ఒక్కసారీ తెరవలేదు.
ఖాళీగా వదిలినా అడిగే దిక్కులేదు దాని గురించి.
కొట్టడం మొదలుపెట్టాను.
చేప, నది, దాన్ని బస్సులో వేసి పంపిన మనిషి,
దువ్వాక దూది వెళ్లే ఏకు విల్లు,
ఆ తర్వాత అరటి దవ్వ, ఆ తర్వాత రాట్నం,
దాలమ్మ ఎడమ బొటనవేలి మీది కాయ,
కొండపత్తి, దానికి ఈమె వరసకి ఆడబ

అక్కడ గడి నోరు మూసుకుంది.
రెండొందల యాభై అక్షరాలట.

వర్గం దగ్గర ఇతరములే నొక్కాను.

"మ్యూజియానికా? ఐతే మా ఆయన్నట్టుకెల్లు" అని
చేతిలోది బుట్టలో వేసుకుని
విరిగిన దవడ నా ముందు పెట్టింది.
చీటీ కట్టడానికి నా దగ్గర దారం అయిపోయింది.
రాట్నం మీంచి ఇంత తెంపి,
నాలుగు పేటలు చేసి, తడి వేళ్లతో మెలేసి
తనే కట్టింది ముప్పై ఏడో నంబరు.

తిరుగు బస్సులో పెట్టె తెరిచి చూశాను.
దవడకి అంకె ఉంది. అంకెకి వర్గం ఉంది.
రెంటినీ పట్టుకున్న ఆ జానెడు నూలుకి
ఏ గడిలోనూ పేరు లేదు.

లాగి చూశాను.
తెగలేదు.